ఎడమ చేతి కింద

ఆ గురగుర మళ్ళీ వచ్చింది.

మొదటి ఆటలో రాలేదు. రెండో ఆటలోనూ లేదు. డప్పులు దరువు మార్చి, తుడుం గబగబా మోగడం మొదలెట్టాక, పన్నెండుమంది ఆడవాళ్ళ వరస నడుం వంచి ఒక్కుమ్మడిగా తిరిగే చోట వచ్చింది. ఒళ్ళో పడుకున్న పిల్లి గురగురలాడినట్టు చిన్నమ్మలు ఎడమ చేతిలో సన్నటి అదురు. అంతే. ఆమె పాదాలు దరువులోనే ఉన్నాయి గానీ బుర్ర మాత్రం పరుగెత్తింది. ఎడమ చెయ్యి. ఎడమ చెయ్యంటే గుండె. ఫోన్లో చూసిన వీడియోలో తెల్లకోటాయన వేలు చూపించి మరీ చెప్పాడు. ఇప్పుడు చెమట పట్టాలి. పట్టిందా? పట్టింది. ఆడుతున్నందుకు పట్టిందా, అందుకే పట్టిందా? తరవాత దవడ లాగాలి. లాగుతోందా? లాగుతున్నట్టే ఉంది. ఇక్కడ పడిపోతే హాస్టల్లో ఉన్న కూతురు భానుకి ఎవరు చెబుతారు? తొమ్మిదో తరగతి పిల్ల, తండ్రి లేని పిల్ల, ఏ వార్డెనో పిలిచి ఆ కబురు చెబితే...

రెండు చేతులూ వదిలేసి గుండె పట్టుకుంది.

థింసా ఆటలో చేతులు వదలడమంటే మాటలా! ఒకరి చెయ్యి పక్కామె వీపు వెనకనుంచి పోయి ఆవలి డొక్కని పట్టుకుని ఉంటుంది. ఆవిడ చెయ్యి ఇవతలికి వచ్చి వీళ్ళ నడుం పట్టుకుంటుంది. వరసంతా ఒక్క ఒళ్ళు. డప్పు ఆగేదాకా ఎవరూ వదలరు, చైత్రం పండగలో అయితే వదిలినవాళ్ళ ఇంటికి కీడని పెద్దవాళ్ళు గట్టిగా నమ్ముతారు. చిన్నమ్మలు వదిలేసరికి ఎడమవైపు తొమ్మిదిమంది వచ్చి రత్న మీద పడ్డారు. రత్న మోకాళ్ళ మీద కూలబడింది. కుడి చివర నెమలీకల కట్ట పట్టుకుని వరసని నడిపించే ముత్యాలమ్మ తూలి, ఎలాగో నిలదొక్కుకుంది. డప్పు ఆగింది. గాజు పెట్టెల రైల్లో వచ్చి కుర్చీల్లో కూర్చున్న టూరిస్టుల్లో ఒకావిడ ఫోను దించకుండానే పకపకా నవ్వింది.

రిసార్టులో ఈ ఆటలన్నీ చూసుకునే రవిబాబు పచ్చిక తొక్కుకుంటూ వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? అంతమంది వీడియో తీస్తుంటే లైను తెంపేస్తావా?"

"గుండెలో ఎలాగో అయ్యింది బాబూ."

"నీకెప్పుడూ ఏదో ఒకటే. పోయిన వారం కళ్ళు తిరిగాయన్నావు. ఆ ముందువారం చెయ్యి లాగిందన్నావు." అతను మిగతా పదకొండుమంది వైపు తిరిగాడు. "వినండి అందరూ. ఆదివారం పెద్ద గ్రూపు వస్తోంది. మళ్ళీ లైను తెగిందంటే పెదబయలు వైపునించి వేరే జట్టుని తెచ్చుకుంటాను. సీజనంతా వాళ్ళే ఆడతారు. తరవాత నన్నేం అనద్దు."

 అందరూ చిన్నమ్మలు వైపు చూశారు, అదే చాలు. ఆమె తల దించుకుని, రిసార్టు వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ బంతిపూలు కొప్పులోంచి తీసి డబ్బాలో వేసింది. కాఫీ పళ్ళ కోత ఎన్నాళ్ళుంటుంది, రెండు నెలలు. ఆ పైన ఈ ఆటే ఆ పన్నెండు ఇళ్ళకీ ఆధారం.

రత్న నోటితో గాలి పీలుస్తూ వచ్చి పక్కన నిలబడింది. పెళ్ళయి ఊరికి వచ్చి ఏడాది కూడా కాని పిల్ల. మోకాలికి మట్టి అంటుకుని ఉంది.

"పిన్నీ, ఏటయ్యింది?"

"ఏటీ నేదు. నడు." చిన్నమ్మలు ఆమె మొహం వైపు చూడనైనా లేదు.

మర్నాడు పొద్దున్న కాఫీ తోటలో మంచు ఇంకా విడలేదు. సిల్వర్ ఓక్ చెట్ల మీది మిరియాల తీగలనించి బొట్లు బొట్లుగా నీళ్ళు రాలుతున్నాయి. నడుముకి బుట్ట కట్టుకుని, కొమ్మని ఒక చేత్తో వంచి పట్టుకుని, రెండో చేత్తో ఎర్రపండుని మాత్రమే తిప్పి లాగాలి. కాడ రాకూడదు. పచ్చివి ముట్టకూడదు. ఈ పని చిన్నమ్మలుకి పదేళ్ళ వయసునించీ తెలుసు, కళ్ళు మూసుకుని చెయ్యగలదు. ఇవాళ మాత్రం కళ్ళు తెరుచుకుని కూడా చెయ్యలేకపోతోంది. నాలుగు పళ్ళు కోస్తుంది, మణికట్టు మీద రెండు వేళ్ళు వేస్తుంది, జాకెట్లోంచి ఫోను తీసి గడియారం పెట్టుకుని లెక్కపెడుతుంది. ఎనభై నాలుగు. సరిగ్గా లెక్కపెట్టానా? మళ్ళీ. తొంభై ఒకటి. ఇంతలోకే పెరిగిపోయిందే! భయానికి పెరిగిందా, జబ్బుకి పెరిగిందా? మళ్ళీ.

"పిన్నీ, పచ్చివి కోసేత్తన్నావు." పక్క చాలులోంచి రత్న అంది.

బుట్టలోకి చూసుకుంటే నిజమే. సగం పచ్చి కాయలు. తోట యజమాని చూస్తే ఇంకేమైనా ఉందా! చిన్నమ్మలు వాటిని ఏరి చెట్టు మొదట్లో పారేస్తూ తన చేతకానితనాన్నంతా రత్న మీదకి మళ్ళించింది.

"నువ్వేటి సేత్తన్నావే కూకుని? బుట్ట అడుగు కూడా నిండలేదు. ఇరవై రెండేళ్ళ గుంటవి, మాతో సమానంగా కొయ్యలేవా?"

రత్న నిజంగానే కూర్చుని ఉంది. చెట్టు మొదలుకి వీపు ఆనించి, కాళ్ళు చాపి, నోరు కొంచెం తెరుచుకుని. చెంపలు ఎర్రగా ఉన్నాయి. పెదాలు మాత్రం నేరేడుపండు తిన్నట్టున్నాయి.

"గట్టు ఎక్కినాను గదా పిన్నీ. కాసేపు ఆగితే సర్దుకుంటాది."

"ఆ గట్టు మాయత్త డెబ్బయ్యేళ్ళప్పుడు కట్టెల మోపుతో ఎక్కీసేది."

రత్న నవ్వింది. తిడితే నవ్వే రకం ఆ పిల్ల. "మాయత్తా అలగే తిడతాది. పడుకుంటే ఊపిరాడదు పిన్నీ నాకు. గోడకి ఆనుకుని కూకునే నిద్దరోతన్నాను రెండు నెలలై. కోడలు పిల్ల పని ఎగ్గొట్టడానికి పగలూ రాత్రీ కూకునే ఉంటాదని ఊరంతా సెప్పుకొత్తంది."

వినాల్సిన మాట అదే. చిన్నమ్మలు వినలేదు. ఆమె తన మణికట్టు వింటోంది. ఎనభై ఎనిమిది.

"నిద్దరొత్తంది గదా, అదే సాలు. నాకు అదీ నేదు," అంది. "రత్నా, రేపు నాతో ఆస్పత్రికి వత్తావా? ఒక్కర్తినీ ఎల్లాలంటే బయమేత్తంది. దారిలో ఏటైనా అయితే?"

"వత్తాను పిన్నీ," అంది రత్న, చెట్టుని పట్టుకుని లేస్తూ.

శనివారం ఇద్దరూ షేర్ ఆటోలో వెళ్ళారు. ఆస్పత్రి మెట్లు పదో పన్నెండో ఉంటాయి. చిన్నమ్మలు గబగబా ఎక్కేసి పైనుంచి, "బేగి రాయే, చీటీలు అయిపోతాయి," అని కేకేసింది. రత్న మధ్యలో కమ్మీ పట్టుకుని ఆగి, చెయ్యి ఊపింది. ఎక్కుతాను, నువ్వు పద అన్నట్టు.

లోపల బెంచీ మీద జనం. రత్నకి చివర్లో కాస్త చోటు దొరికింది. అరగంట కాకుండానే నర్సు వచ్చి, "నీకు చీటీ ఉందా? లేదా? పేషెంటు కాకపోతే బెంచీ ఖాళీ చెయ్యమ్మా, ముసలాళ్ళు నిలబడ్డారు," అంది. రత్న లేచి వెళ్ళి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. చిన్నమ్మలు అది చూసింది. చూసి, తన నంబరు పిలిచేరేమోనని తల తిప్పేసుకుంది.

డాక్టరు కుర్రాడు. రక్తపోటు చూశాడు, కాళ్ళకీ చేతులకీ వైర్లు తగిలించి కాగితం తీయించాడు. ఆ కాగితం బయటికి వస్తున్నంతసేపూ చిన్నమ్మలు కళ్ళు గట్టిగా మూసుకుంది. గీతలు గీతలుగా తన చావు రాసుకుని వస్తోందనుకుంది.

"నీకేం లేదమ్మా. గుండె గుర్రంలా ఉంది."

"ఆడేటప్పుడు ఎడమచేతిలో గురగురమంటాది బాబూ. ఇంటికాడ రాదు. తోటలో రాదు. ఆటలోనే వత్తాది."

"అయితే ఆడటం మానెయ్." గుమ్మం దగ్గర వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. "ఫోన్లో గుండెపోటు వీడియోలు చూస్తున్నావా? చూస్తున్నావు కదూ! అదే నీ జబ్బు. ఊరికే ఆలోచించకు. బలం బిళ్ళలు రాస్తున్నాను, వాడు. నెక్స్ట్."

ఏమీ లేదంటే సంతోషం రావాలి కదా. రాలేదు. నలుగురిలో నవ్వులపాలైన సిగ్గు వచ్చింది, ఆ సిగ్గు వెనకాలే ఇంకో భయం. ఈ యంత్రానికి దొరకని జబ్బేదో ఉందేమో? ఆటలోనే వచ్చేదాన్ని బల్ల మీద పడుకోబెట్టి ఎలా పడతారు? ఆటో దిగి ఊరి బాట ఎక్కేటప్పుడంతా అదే నమిలింది. వెనకాల రత్న మూడు చోట్ల ఆగింది. మూడోసారి ఆగినప్పుడు చిన్నమ్మలు ఆగలేదు. "ఎనక రా మెల్లిగా," అనేసి నడిచింది.

ఊరి మొదట్లోనే ముత్యాలమ్మ ఇల్లు. అరుగు కింద పట్టా పరిచి చోళ్ళు చెరుగుతోంది. చేట ఎగిరినప్పుడల్లా పొట్టు గాలికి పోతోంది, రాగి గింజ చేటలోనే దరువుగా పడుతోంది.

"ఏటన్నాడే డాకటేరు?"

"ఏటీ నేదన్నాడు అత్తా. పిచ్చన్నాడు."

"పిచ్చని అన్నాడా?"

"అలాగనే నవ్వినాడు."

ముత్యాలమ్మ చేట ఆపింది. "ఇలా కూకో. సెప్పు. ఎక్కడ వత్తాది నీకది?"

"ఎడం చేతిలో."

"చేతిలో ఎక్కడ? భుజం కాడా? మోచేతి కాడా?"

చిన్నమ్మలు తన చేతిని తడుముకుంది.  నిజంగా ఎక్కడ? భుజమనుకుంది, మోచెయ్యనుకుంది, గుండె అనుకుంది. ఎవరో మనిషి ఫోన్లో ఎక్కడని చెబితే అక్కడనుకుంది.

"తెల్దు అత్తా."

"ఎన్ని దినాలై బయపడతన్నావు?"

"మూడు వారాలై."

"మూడు వారాలై బయపడతన్నావు, ఎక్కడో సూసుకోలేదేటే!" ముసలావిడ నవ్వలేదు. తన కుడిచేత్తో చిన్నమ్మలు ఎడమ డొక్క తట్టింది. "ఆడేటప్పుడు నా చెయ్యి ఇక్కడే గదా ఉంటాది. నీ గుండెకాయ నా అరచేతి కిందే. పదేళ్ళయ్యింది, నాకు తెల్దేటి? సక్కగా కొట్టుకుంటాది. మొన్న నువ్వు వదిలీసినప్పుడు కూడా బయానికి ఉరికినాది గానీ గురగుర ఏటీ నేదు."

"అయితే నాకు పిచ్చే అంటావు."

"అలాగనలేదే గుంటా. ఇంట్లోకి పాము దూరితే ఏటి సేత్తాం? అది కరిత్తే ఏటవుద్ది, నాను సచ్చిపోతే ఎవరు ఏడుత్తారని లెక్కలేసుకుని కూకుంటామా? ఏ మూలుందో ముందు సూత్తాం. రేపు ఆటలో వచ్చిందనుకో, ఏటీ ఆలోసించకు. ఊరికే సూడు. ఏ మూల ఉందో సూసి, డప్పు ఆగినాక నాకు సెప్పు."

చేట మళ్ళీ ఎగిరింది. బాట మీద రత్న తల అప్పుడే కనబడుతోంది.

ఆదివారం మధ్యాహ్నానికి పచ్చిక చుట్టూ కుర్చీలు సరిపోలేదు. రెండు బస్సుల జనం. రవిబాబు కొత్త చొక్కా వేసుకుని మైకులో ఏదో చెప్పి, చీరలు సర్దుకుంటున్న ఆడవాళ్ళ దగ్గరికి వచ్చి చూపుడువేలు ఎత్తాడు.  ఆ వేలు చిన్నమ్మలు దగ్గర ఒక క్షణం ఎక్కువ ఆగింది.

వరస కట్టారు. కుడి చివర నెమలీకలతో ముత్యాలమ్మ, ఆమె పక్కన చిన్నమ్మలు, ఆ పక్కన రత్న, ఆపైన మిగతావాళ్ళు. ముత్యాలమ్మ చెయ్యి వచ్చి చిన్నమ్మలు డొక్క కింద కుదురుకుంది. చిన్నమ్మలు ఎడమ చెయ్యి రత్న వీపు వెనకనుంచి పోయి ఆ పిల్ల ఎడమ డొక్క పట్టుకుంది. మొదటి దరువు పడింది. రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి, మడమ నేలకి తాటించి, వంగి, లేచి. అందెలు ఒక్కటిగా మోగుతున్నాయి.

భయం లేదని కాదు.  వస్తుంది, దరువు మారగానే వస్తుంది అని ఒళ్ళంతా ఎదురుచూస్తోంది. రావద్దు తల్లీ, ఇవాళొక్కరోజు రావద్దు.

దరువు మారింది. వరస వంగి తిరిగింది.

వచ్చింది.

బుర్ర ఎప్పట్లాగే పరుగు మొదలెట్టబోయింది. ఎడమ చెయ్యి, గుండె, భాను... చిన్నమ్మలు పళ్ళు బిగించింది. చూడు. ఊరికే చూడు. ఎక్కడ? భుజంలోనా? భుజం ఊరికే ఉంది. మోచేతిలోనా? లేదు. మణికట్టులో? అక్కడా లేదు. కిందికి, ఇంకా కిందికి వచ్చింది. అరచేతిలో ఉంది. అరచేతి మెత్తటి చోట. కాదు, అరచేతిలో కూడా కాదు.

అరచేతి కింద ఉంది.

అడుగు తప్పకుండానే అరచెయ్యి కొంచెం ఎత్తి చూసింది. గురగుర పోయింది. ఆనించింది. వచ్చింది. మళ్ళీ ఎత్తింది. పోయింది. పన్నెండు జతల కాళ్ళు కొడుతున్న నేల అదురు వేరు, అది కాళ్ళనుంచి వస్తుంది. ఇది రత్న చీర కింద, పక్కటెముకల సందున, లోపలెక్కడో తిరగలి తిరుగుతున్నట్టు తిరుగుతోంది.

తనది కాదు. మూడు వారాలుగా తనదనుకుని మోసింది తనది కాదు.

ఓలమ్మో, ఈ గుంటది!

మెట్ల మధ్యలో కమ్మీ పట్టుకుని ఊపిన చెయ్యి గుర్తొచ్చింది. చెట్టుకి ఆనుకున్న మొహం, ఆ పెదాలు. బాట మీద మూడోసారి ఆగినప్పుడు తను ఆగకపోవడం. చిన్నమ్మలుకి ఇంతవరకూ తెలిసిన భయం ఒకలాంటిది, మాటల భయం. దానితో ఎంతసేపైనా వాదించొచ్చు. ఇది అలాంటిది కాదు. ఇది చేతికి తగులుతోంది. దీనితో వాదించడానికి ఏమీ లేదు.

అయినా బుర్ర ఊరుకుంటుందా? ఈ ఆట అయిపోనీ, అయిదు నిమిషాలే అంది. లైను తెగితే పన్నెండు ఇళ్ళు అంది. నువ్వు మళ్ళీ పొరపాటు పడి ఉంటే, డాక్టరు నవ్వినట్టే వీళ్ళూ నవ్వితే అంది. రవిబాబు కుర్చీల వెనక నిలబడి ఇటే చూస్తున్నాడు. తుడుం ఇంకా వేగం పెంచింది. రత్న అడుగులు వేస్తూనే ఉంది, నవ్వుతూనే ఉంది, టూరిస్టులకి నవ్వుమొహం చూపించాలని చెప్పారు కదా.

అరచేతి కింద గురగుర ఒకసారి తడబడింది. ఆగి, రెండు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు కొట్టుకుని, మళ్ళీ మొదలైంది. తన నడుం పట్టుకున్న రత్న వేళ్ళు వదులయ్యాయి. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

ఎప్పుడు ఆగాలనుకుందో చిన్నమ్మలుకి తెలియదు. కాళ్ళు ఆగిపోయాయి. కుడివైపు ముత్యాలమ్మని వదిలేసింది. ఎడమ చెయ్యి మాత్రం వదల్లేదు. రత్నని డొక్క దగ్గర గట్టిగా పట్టుకుని, అటుపక్కామె చెయ్యి విడిపించి, వరసలోంచి బయటికి నడిపించింది. నడిపించడం రెండడుగులే. తరవాత మొయ్యాల్సి వచ్చింది. పచ్చిక అంచున కూర్చోబెట్టి, పడుకోబెట్టబోయి, గోడకి ఆనుకుని నిద్రపోతానన్న మాట అప్పుడు గుర్తొచ్చి, తన గుండెకి ఆనించుకుని నిటారుగా కూర్చోబెట్టింది.

రవిబాబు వచ్చేశాడు. "మళ్ళీనా? ఏమమ్మా, మళ్ళీ నువ్వేనా? నేను మొన్న ఏం చెప్పాను?"

"లైను తెగింది బాబూ. తెంపింది నానే." చిన్నమ్మలు రత్నని ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఈ గుంటకి గుండెలో బాగులేదు. బండి పిలు."

"గుండె, గుండె! నీకు లేదంటే ఇప్పుడు ఆవిడకా? నీళ్ళు తాగించు, అయిదు నిమిషాలు కూచోపెట్టు. మిగతావాళ్ళు లైన్లోకి రండి. కమాన్."

మిగతావాళ్ళు ముత్యాలమ్మ వైపు చూశారు. ముత్యాలమ్మ గబగబా ఏమీ రాలేదు. నెమలీకల కట్ట పచ్చిక మీద పెట్టింది. డప్పు మోగుతుండగా ఆ కట్ట నేల మీద పెట్టడం ఆ వరసలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. వచ్చి, రత్న పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచెయ్యి ఆ పిల్ల డొక్క మీద వేసి, కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచింది.

"జగదీసూ, డప్పు ఆపు," అంది.

జగదీష్ డప్పు తాడు మెడలోంచి తీసేశాడు. ఒకరి తరవాత ఒకరు తొమ్మిదిమంది ఆడవాళ్ళూ కొప్పుల్లోంచి ప్లాస్టిక్ పూలు తీసి డబ్బాలో వేశారు. ఎవరూ గొడవపడలేదు. రవిబాబు వాళ్ళ వంక చూసి, టూరిస్టుల వంక చూసి, ఒకావిడ ఫోనెత్తి తననే వీడియో తీస్తుండటం చూసి, బండి కోసం కేకేశాడు.

అదే ఆస్పత్రి, అదే డాక్టరు. ఈసారి రత్నని మెట్లు ఎక్కనివ్వలేదు, నలుగురు కుర్చీతో ఎత్తుకుపోయారు. డాక్టరు చెవులకి గొట్టం తగిలించుకుని రత్న ఎడమ డొక్క మీద పెట్టాడు. గొట్టం కాస్త జరిపి మళ్ళీ విన్నాడు. గొట్టం తీసి, అరచెయ్యి ఆనించి చూశాడు. చిన్నమ్మలు చెయ్యి వారాల తరబడి ఉన్న చోటే.

"చిన్నప్పుడు జ్వరంతో మోకాళ్ళు వాచేవా?"

రత్న తలూపింది. ముక్కుకి గాలి గొట్టం పెట్టారు, మాట కష్టంగా ఉంది.

"గుండె లోపల కవాటం పాడైంది," అన్నాడతను చిన్నమ్మలుతో. "ఇప్పటిది కాదు, ఏళ్ళనాటిది. ఇవాళ మందులిస్తాను, పొద్దున్నే విశాఖపట్నం పంపాలి. ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఆడి ఉంటే..." మిగతాది మింగేశాడు. "ఎవరు కనిపెట్టారు?"

"నా చేతికి తగిలింది బాబూ. నిన్న సెప్పినాను గదా, ఎడమచేతిలో గురగురమంటాదని."

డాక్టరు రాస్తున్న కలం ఆగింది. "నిన్న ఈ అమ్మాయి ఎక్కడుంది?"

"ఇక్కడే బాబూ. మీ బెంచీ మీద. ముసలాళ్ళు నిలబడ్డారని లేపీసినారు."

అతను తలెత్తలేదు. నర్సు గుమ్మం దగ్గర నిలబడి ట్రేలో సీసాలు అటూ ఇటూ సర్దింది. నిన్న అందరూ నవ్విన గదిలో ఇవాళ ఎవరూ నవ్వలేదు. చిన్నమ్మలుకి ఒక్క క్షణం గెలిచినట్టనిపించింది, వెంటనే సిగ్గేసింది. నర్సు రత్నని లేపినప్పుడు తల తిప్పుకున్నది తనే కదా.

పొద్దున్న మంచు ఉండగానే అంబులెన్సు బయల్దేరింది. రత్న మొగుడు విశాఖపట్నంలో తాపీ పనిలో ఉన్నాడు, తిన్నగా ఆస్పత్రికే వస్తానన్నాడు. అత్త రాత్రే వచ్చి, కోడలి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చి ఏడ్చి, ఘాటు రోడ్డు మలుపులకి తట్టుకోలేనని ఉండిపోయింది. చిన్నమ్మలు ఎక్కింది.

వెనకాల తలుపు వేసేశారు. రత్నని మంచం తల ఎత్తి, నిటారుగా కూర్చోబెట్టారు. పక్కన సన్నటి బల్ల మీద చిన్నమ్మలు. అనంతగిరి దాటి మలుపులు మొదలయ్యాయి. ఒక్కో మలుపుకీ రత్న తల అటోసారి ఇటోసారి ఒరుగుతోంది.

"ఆట పోనాది గదా పిన్నీ మనకి," అంది రత్న.

"పోతే పోనీ."

"ముత్యాలమ్మత్త తిట్టిందా?"

"ఆవిడే గదే డప్పు ఆపమన్నది. మాటాడకు. ఊపిరి దాసుకో."

 చిన్నమ్మలుకి ఊరుకోవడం చేతకాలేదు. రాత్రంతా లోపల నలిగిన మాట బయటికి వచ్చేసింది.

"ఇంత బాద పడతా నాకొక్క మాట సెప్పలేదేటే?"

రత్న కళ్ళు తెరిచి ఆమెని చూసింది. ఆ చూపులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"సెప్పినాను పిన్నీ. తోటలో. కూకునే నిద్దరోతన్నానని సెప్పినాను."

 చెప్పింది. నిజమే, చెప్పింది. ఎనభై ఎనిమిది అని తను లెక్కపెట్టుకుంటున్నప్పుడు చెప్పింది. చిన్నమ్మలుకి ఏడుపొచ్చింది, వచ్చిన ఏడుపుని చీర చెంగుతో నోట్లోనే నొక్కేసుకుంది.

"పిన్నీ."

"ఏటే?"

"నీ చెయ్యి అక్కడే పెట్టు. ఆటలో పెడతావే, అలగ."

చిన్నమ్మలు బల్ల మీంచి లేచి, మంచం అంచున ఇరుక్కుని కూర్చుంది. ఎడమ చెయ్యి రత్న వీపు వెనకనుంచి పోనిచ్చి డొక్క పట్టుకుంది. రత్న కుడిచెయ్యి మెల్లిగా వచ్చి ఆమె నడుం మీద పడింది. గురగుర ఉంది. అక్కడే ఉంది. భయమేసింది. ఇది ఆగితే? ఈ మలుపులోనే ఆగితే? పట్నంలో ఏమంటారు, కోస్తారా, కోస్తే బతుకుతుందా, మొగుడు సమయానికి వస్తాడా? తన కుడిచెయ్యి దానంతటదే జాకెట్లోని ఫోను మీదకి పోయింది. లెక్కపెట్టాలనిపించింది.

ఫోను తియ్యలేదు. లెక్కకి ఏమీ తెలియదు. చేతికి తెలుస్తోంది, అది చాలు. బండి మలుపు తిరిగినప్పుడు ఇద్దరూ కలిసి ఒరిగారు, కలిసి లేచారు. కింద శృంగవరపుకోట మైదానం కనబడేసరికి రత్న ఆమె భుజం మీద నిద్రపోయింది, కూర్చునే. చిన్నమ్మలు చెయ్యి తిమ్మిరెక్కిపోయింది. తియ్యలేదు.